స్నూకర్‌లో కాళ్ళ సంగతి తర్వాత, ముందు తల సంగతి చూడండి

స్నూకర్ నేర్చుకునేవాడికి ఎవరైనా చెప్పే మొదటి మాట ఒకటే. "కుడికాలు నిటారుగా పెట్టు, ఎడమ మోకాలు వంచు, గడ్డం క్యూకి ఆనించు." పుస్తకాల్లో ఇదే, యూట్యూబ్‌లో ఇదే, డబ్బులు తీసుకుని నేర్పేవాళ్ళు చెప్పేదీ ఇదే. ఇందులో తప్పు లేదు గానీ, మొత్తం తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. బల్ల దగ్గర నిలబడటం కాళ్ళతో మొదలయ్యే పని కాదు. కంటి దగ్గర మొదలై మెల్లగా కిందికి దిగే పని. కాళ్ళు ఎక్కడ పడాలో అన్నిటికన్నా చివర్న తేలుతుంది, అదీ ఒక్కొక్కరికి ఒక్కో చోట తేలుతుంది.

ఇంత ధీమాగా చెబుతున్నాడు, వీడేమైనా ఛాంపియనా అనుకోకండి. నా జీవితంలో అతి పెద్ద బ్రేక్ 47 :-) వారమంతా హైటెక్ సిటీలో కోడ్ రాసుకుని, శనాదివారాలు పాతబస్తీలో ఆడుకునేవాణ్ణి. పుట్టి పెరిగింది లాల్‌దర్వాజా దగ్గర. షాలిబండ వైపు, కింద దుకాణాలూ పైన రెండో అంతస్తులో స్నూకర్ బల్లలూ ఉన్న ఒక హాల్లో నాకు ఈ ఆట పరిచయం. ఇరుకు మెట్లు, బల్ల మీద వరసగా ట్యూబులైట్లు, మూలన స్టీలు ఫ్లాస్కులో చాయ్, ఓడినవాడు టేబుల్ డబ్బులు కట్టాలన్న రూలు. ఇంటర్ చదివే రోజుల్లో ఆ రూలు పుణ్యమా అని నా పాకెట్ మనీ అంతా ఎటు పోయేదో మా ఇంట్లో ఎవరికీ అంతుపట్టేది కాదు. మా నాన్నకి మాత్రం డబ్బు కంటే నా నడుం మీదే బెంగ. "గంటలు గంటలు ఒంగి నిలవడి ఆ కట్టెతోని పొడుసుడేందిరా, నడుం పోతది" అనేవాడు.

ఆ హాల్లో ఒక మార్కర్ ఉండేవాడు. మార్కర్ అంటే స్కోరు చెప్పేవాడు, బంతులు పేర్చేవాడు, బల్ల గుడ్డ బ్రష్ చేసేవాడు, ఎవరూ దొరక్కపోతే మనతో ఆడేవాడు కూడా. అందరం చాచా అనేవాళ్ళం. ఉద్యోగం వచ్చాక నేను "ఇంజనీర్ సాబ్" అయ్యాను, ఆయన మాత్రం చాచాగానే ఉన్నాడు. ఈ విషయంలో నాకున్న జ్ఞానంలో సగం ఆయనదే, మిగతా సగం నేను లెక్కలేసి ఆయన మాట నిజమని తేల్చుకున్నది.

ముందు లెక్క చెప్తాను, ఎందుకంటే నిలబడటం గురించి ఇంత రాద్ధాంతం దేనికని చాలామందికి అనుమానం. స్నూకర్ బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు. పాకెట్ నోరు సుమారు మూడున్నర అంగుళాలు, అంటే 89 మిల్లీమీటర్లు అనుకుందాం. బంతి సరిగ్గా నడిమధ్యన పడనక్కర్లేదు కాబట్టి ఇటు 18, అటు 18 మిల్లీమీటర్ల వెసులుబాటు ఉంది. బాగానే ఉందనిపిస్తుంది కదా? ఇప్పుడు తెల్ల బంతికీ ఎర్ర బంతికీ మధ్య నాలుగడుగులు, ఎర్ర బంతికీ పాకెట్‌కీ మధ్య ఇంకో నాలుగడుగులు, మూడూ ఒకే గీతలో ఉన్నాయనుకోండి. పన్నెండడుగుల బల్ల మీద ఇదేమీ పెద్ద దూరం కాదు. తెల్ల బంతి ఎర్ర బంతిని తాకే చోట పక్కకి జరిగిన ప్రతి మిల్లీమీటరూ పాకెట్ దగ్గరికి వెళ్ళేసరికి దాదాపు 23 మిల్లీమీటర్లవుతుంది. అంటే మీకున్న అసలు వెసులుబాటు ఒక మిల్లీమీటరు కూడా లేదు, 0.8 దగ్గర ఆగిపోతుంది. దాన్ని వెనక్కి తెచ్చి క్యూ మీద కొలిస్తే, ముందు చెయ్యి కదలకుండా ఉందనుకుంటే, క్యూ పట్టుకున్న వెనక చెయ్యి అర మిల్లీమీటరు పక్కకి పోతే చాలు, బంతి దవడకి తగిలి బయట నిలబడుతుంది.

ఇది చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యే సుమారు లెక్కే. బంతుల మధ్య రాపిడీ, పాకెట్ దవడల గుండ్రదనం, గుడ్డ నూగు ఇవేవీ పట్టించుకోలేదు. అయినా విషయం అర్థమయింది కదా. అర మిల్లీమీటరు అంటే నాలుగైదు కాగితాల మందం. చేతిని అంత సూటిగా కావాలని నడపడం మనిషి వల్ల కాదు. కాబట్టి చెయ్యి తనంతట తాను సూటిగా మాత్రమే ఊగగలిగేలా ఒంటిని అమర్చుకోవాలి. స్టాన్స్ చేసే పని మొత్తం ఇదే. గోడ గడియారం లోలకానికి ఎటు ఊగాలన్న ఆలోచన ఉండదు, దాన్ని వేలాడదీసిన మేకు సరైన చోట ఉంటే చాలు. ఇక్కడ మేకు మన మోచెయ్యి. అది గీత మీద ఉండాలంటే భుజం గీత వెనకకి రావాలి, భుజం రావాలంటే నడుం తిరగాలి, నడుం తిరగాలంటే పాదం దానికి తగ్గట్టు పడాలి. చూశారా, లెక్క పైనుంచి కిందికే వచ్చింది. పాదం చివర్న వచ్చింది.

మరి అందరూ పాదం దగ్గర ఎందుకు మొదలుపెడతారు? నాకు తోచిన కారణం ఏమిటంటే, పాదం ఫోటోలో కనబడుతుంది. కన్ను గీత మీద ఉందో లేదో ఫోటోలో కనబడదు.

ఈ ఫోటో కథ కొంచెం సరదాగా ఉంటుంది. ఆట పుట్టింది మన దేశంలో. 1875లో జబల్పూర్‌లో నెవిల్ ఛాంబర్లేన్ అనే కుర్ర సైనికాధికారి (తర్వాతి కాలపు ప్రధానమంత్రి కాదు, వేరే ఆయన) ఇంకో ఆటకి రంగు బంతులు కలిపి స్నూకర్ మొదలుపెట్టాడు. 1882లో ఊటీ క్లబ్బులో రూల్స్ రాసి గోడకి పెట్టారు. మన పాతబస్తీకీ ఇది పరాయి ఆటేం కాదు. వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసి కట్టించుకున్న ఫలక్‌నుమా ప్యాలెస్‌లో బిలియర్డ్స్ గది ఉంది. అందులో బరోస్ అండ్ వాట్స్ కంపెనీ బల్ల ఉంది. దానికి జోడీ బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఉందని చూపించేవాళ్ళు గొప్పగా చెబుతారు. 2010లో అది తాజ్ వాళ్ళ హోటలయింది. షేర్వాణీ తొడుక్కున్న నవాబులు ఆ బల్ల మీదికి ఎలా వంగేవారో అని నాకు ఎప్పుడూ ఒక సందేహం. బట్ట తగిలి బంతి కదిలినా ఫౌలే కదా! మా హాల్లో పఠానీ కుర్తాల వాళ్ళకి ఇదే తంటా. కుర్తా పక్క జేబులో ఫోన్ పెట్టుకుని వంగితే అది ఊగుతూ వచ్చి క్యూకి తగిలేది. చాచా జేబులు ఖాళీ చేయించి గానీ క్యూ చేతికిచ్చేవాడు కాదు.

సరే, ఆట మనదే గానీ నిలబడే పద్ధతి మాత్రం ఇంగ్లండు నుంచి ఫోటోలుగా వచ్చింది. 1927 నుంచి 1946 దాకా పదిహేనుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన జో డేవిస్ 1949లో తన ఆట గురించి పుస్తకం రాశాడు. నిటారు కుడికాలు, వంచిన ఎడమ మోకాలు, గడ్డం కింద క్యూ. స్టీవ్ డేవిస్ తండ్రి ఆ పుస్తకం పెట్టుకునే కొడుక్కి ఆట నేర్పాడు, ఆ కొడుకు 1981-89 మధ్య ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. (వీళ్ళిద్దరికీ చుట్టరికం లేదు.) ఇక అడగాలా! ఆ భంగిమే వేదం అయిపోయింది.

అయితే ఆ వేదంలో ఒక చిన్న సంగతి ఉంది. జో డేవిస్ కుడి కంటికి చూపు సరిగ్గా ఉండేది కాదు. అందుకని ఆయన క్యూ గడ్డం నడిమధ్యన కాకుండా ఎడమ కంటి కింద నడిచేది. అంటే అంతటి మనిషీ ముందు తన కన్ను ఏదో చూసుకున్నాడు, మిగతా ఒళ్ళంతా దానికి తగ్గట్టు అమర్చుకున్నాడు. మనం ఆయన అమర్చుకున్న ఫలితాన్ని కాపీ కొట్టి, అమర్చుకున్న పద్ధతిని వదిలేశాం. మా ఆఫీసులో కుర్రాళ్ళు స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి కోడ్ ఎత్తుకొచ్చి అతికించినట్టే ఇదీ. కోడ్ మంచిదే, కానీ అది ఎవడి సమస్యకి రాసిన కోడ్?

మీ కన్ను ఏదో తెలుసుకోవడం నిమిషం పని. లాడ్ బజార్ వైపు నిలబడి, రెండు కళ్ళూ తెరిచి, చెయ్యి చాపి బొటనవేలితో చార్మినార్ మినారొకటి కప్పేయండి. ఇప్పుడు ఒక కన్ను మూయండి, తెరవండి, రెండోది మూయండి. ఏ కన్ను మూసినప్పుడు వేలు పక్కకి గెంతినట్టు కనిపిస్తుందో, గురి చూసే కన్ను అదే. (చెయ్యి చాపి నిలబడితే గాజుల షాపు వాళ్ళు పిలుస్తున్నాననుకుని వస్తారు, వాళ్ళకి నా పేరు చెప్పకండి.) కొందరికి రెండు కళ్ళకీ సమానంగా గెంతుతుంది, వాళ్ళు అదృష్టవంతులు, గడ్డం నడిమధ్యన క్యూ పెట్టుకుని హాయిగా ఆడుకోవచ్చు.

నాది కుడి చెయ్యి, ఎడమ కన్ను. ఇదేమంత అరుదైన సంగతి కాదు, ఇది చదివేవాళ్ళలోనే చాలామంది ఉంటారు. క్యూ ఎడమ కంటి కిందికి వస్తే గడ్డానికి ఎడమ పక్కన తగులుతుంది. అప్పుడు నా కుడి భుజం గీతకి ఇంకా దూరమవుతుంది. దాన్ని గీత మీదికి తేవాలంటే నడుం మామూలు కంటే ఎక్కువ తిప్పాలి, కుడి పాదం వేళ్ళు ఇంకా బయటికి చూడాలి. కుడి కన్ను గురి ఉన్న కుడిచేతి వాటం వాడికి దీనికి పూర్తిగా వ్యతిరేకం, వాడు ఛాతీని బల్ల వైపు ఎక్కువ పెట్టి ఎదురుగా నిలబడొచ్చు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి ఫోటో తీస్తే ఒకడిది ఒప్పు, ఇంకొకడిది తప్పు అంటారు. ఇద్దరి మోచేతులూ గీత మీదే ఉంటాయి!

కొన్నేళ్ళ కిందట ఊరికి అవతలి వైపు ఒక చోట డబ్బు కట్టి నేర్చుకుందామని వెళ్ళాను. అక్కడి కోచ్ మొదటి రోజే నా గడ్డాన్ని రెండు చేతులతో పట్టుకుని నడిమధ్యకి జరిపాడు. నా కన్ను సంగతి చెబితే "అలవాటైపోతుంది" అన్నాడు. ఆరు క్లాసులు అదే మాట. ఏడో క్లాసుకి నేను వెళ్ళలేదు. ఆయన పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఇరవైమంది పిల్లలకి ఒకేసారి నేర్పేవాడికి ఒకటే భంగిమ ఉంటే సులువు, పైగా కొత్తవాడికి ఏదో ఒకటి పట్టుకుని వేలాడటానికి కావాలి. నిటారు కుడికాలుకి నిజంగానే ఒక లాభం ఉంది. మోకాలు పూర్తిగా బిగిస్తే ప్రతిసారీ ఒకే ఎత్తులో ఉంటారు, రెండు మోకాళ్ళూ వంచితే ఈ షాటుకీ ఆ షాటుకీ ఎత్తు మారిపోయే ప్రమాదం ఉంది. ఇదంతా నేనూ ఒప్పుకుంటాను. కానీ అది ఒక లాభం మాత్రమే, శాసనం కాదు. రూల్ పుస్తకంలో నిలబడటం గురించి ఉన్నది ఒక్కటే, బంతిని కొట్టేటప్పుడు కనీసం ఒక పాదం నేల మీద ఉండాలి. అంతే.

చాచా పద్ధతి వేరు. ఆయన ముందు బల్ల మీద ఒక క్యూని పొడుగ్గా, గోధుమ బంతి చుక్క నుంచి నీలం బంతి చుక్క వైపు గీత గీసినట్టు పడుకోబెట్టేవాడు. మనల్ని నాలుగడుగులు వెనక్కి పొమ్మనేవాడు. అక్కడ్నుంచి ఆ గీతనే చూస్తూ నడిచి వచ్చి, తల గీత మీద నుంచి పక్కకి పోకుండా మెల్లగా కిందికి దిగాలి. కాళ్ళ గురించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. ఎవరైనా కాళ్ళకేసి చూసుకుంటే చిరాకుపడేవాడు. "పాఁవ్ ఖుద్ ఆతే సాబ్, పహలే సర్ లావ్" అనేవాడు. కాళ్ళు వాటంతటవే వస్తాయి, ముందు తల పట్టుకురా అని. దిగాక కదలొద్దనేవాడు. జేబులోంచి నీలం చాక్ ముక్క తీసి, నేల మీద కూర్చుని, మన చెప్పుల చుట్టూ గీత గీసేవాడు. లేచి మళ్ళీ వెనక్కి. మళ్ళీ గీత. ఇలా ఐదుసార్లు. ఐదు జతల గీతల్లో మూడు ఒకదాని మీద ఒకటి పడితే అదే మీ జాగా. పడకపోతే చాయ్ తాగి మళ్ళీ మొదలు. నా జాగా తేలడానికి మూడు ఆదివారాలు పట్టింది. పక్క బల్ల మీద ఆడే లారీ డ్రైవరొకాయనకి పది నిమిషాల్లో తేలింది, ఆయనది ఫోటోలో ఉన్న భంగిమకి అచ్చు గుద్దినట్టు ఉండేది. ఫోటో తప్పని నేననడం లేదు, కొందరికి అది సరిగ్గా అదే!

ఇక్కడ జాగ్రత్తగా చూస్తే ఒక నియమం దానంతటదే వచ్చేస్తుంది. కిందికి దిగాక సర్దుకోకూడదు. గురి నిలబడి ఉన్నప్పుడే తేలిపోవాలి, ఎందుకంటే పై నుంచి చూసినప్పుడే రెండు బంతులూ పాకెట్టూ కలిపి ఒక గీతగా కనబడతాయి. దిగాక ఏదో తేడాగా ఉందనిపిస్తే పూర్తిగా లేచి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ రావాలి. పడుకున్నచోటే నడుం అటూ ఇటూ జరిపితే తల గీత మీదే ఉంటుంది గానీ మోచెయ్యి తప్పిపోతుంది, ఆ సంగతి మనకి తెలీదు, బంతికి తెలుస్తుంది.

తల ముందు అనడానికి నా దగ్గరున్న పెద్ద సాక్ష్యం పాకిస్తాన్ పంజాబ్‌లోని సముంద్రికి చెందిన మహమ్మద్ ఇక్రమ్. ఆయనకి పుట్టుకతోనే రెండు చేతులూ లేవు. గడ్డంతో తెల్ల బంతిని కొట్టి స్నూకర్ ఆడతాడు. 2020లో ఆయన ఆట గురించి ప్రపంచమంతా వార్తలొచ్చాయి, వీడియోలు ఇప్పటికీ దొరుకుతాయి, తప్పకుండా చూడండి. మోచెయ్యి లేదు, క్యూ లేదు, ముందు చెయ్యి లేదు. పుస్తకంలో చెప్పిన వాటిలో మిగిలినవి తలా కాళ్ళే. తల గీత మీదికి వస్తుంది, కాళ్ళు దానికి ఎక్కడ అవసరమైతే అక్కడ పడతాయి. బంతులు పాకెట్లో పడతాయి.

ఇక కళ్ళజోడు. మా వృత్తి వాళ్ళకి ఇది ప్రాణసంకటం. తల క్యూకి ఆనించి ముందుకి చూస్తే చూపు కళ్ళజోడు పై అంచు మీదుగా పోతుంది. మామూలు ఫ్రేమ్ అయితే ఆ అంచే సరిగ్గా ఎర్ర బంతి మీద అడ్డంగా పడుతుంది. దాన్ని తప్పించడానికి మనకి తెలీకుండానే తల ఎత్తుతాం, తల ఎత్తితే ఛాతీ లేస్తుంది, ఛాతీ లేస్తే మోచెయ్యి చోటు మారుతుంది. కాళ్ళు ఎంత సరిగ్గా ఉన్నా లాభం లేదు. దీనికి మందు డెనిస్ టేలర్ ముఖం మీదే ఉంది. 1985 ప్రపంచ ఫైనల్లో స్టీవ్ డేవిస్ మీద ఆఖరి ఫ్రేములో ఆఖరి నల్ల బంతితో 18-17 గెలిచినాయన. ఆ వింత కళ్ళజోడు తలకిందులుగా పెట్టుకున్నట్టు ఉంటుందని జనం నవ్వేవారు. జాక్ కార్నమ్ అనే ఆయన స్నూకర్ కోసమే దాన్ని తయారుచేశాడు. అద్దాలు పెద్దవి, నుదుటి మీదికి లేచి ఉంటాయి, వంగినప్పుడు కూడా చూపు అద్దం లోంచే పోతుంది. మనకి అంత ప్రత్యేకమైనది అక్కర్లేదు. అద్దం ఎత్తు ఎక్కువగా ఉన్న పెద్ద ఫ్రేమ్ తీసుకుని, ముక్కు మీద కొంచెం పైకి కూర్చునేలా చేయించుకుని, ఒకే పవర్ వేయించుకుంటే సరిపోతుంది. నలభై దాటినవాళ్ళు ప్రోగ్రెసివ్ అద్దాలతో మాత్రం ఆడకండి. తల వంచి పై అంచు లోంచి పక్కవాటుగా చూస్తే అది ఒక బంతిని ఒక్కోసారి ఒక్కో చోట చూపిస్తుంది.

తర్వాత ఎత్తు. బల్ల ఎత్తు నేల నుంచి కుషన్ పైదాకా రెండడుగుల తొమ్మిదిన్నర అంగుళాల నుంచి రెండడుగుల పదిన్నర లోపు ఉండాలి. మనుషులకి ఇలాంటి రూలేదీ లేదు. ఐదడుగుల రెండంగుళాల వాడూ ఆరడుగుల మూడంగుళాల వాడూ అదే బల్ల మీద, అదే ఎత్తులో గడ్డం పెట్టాలి. పొట్టివాడు దాదాపు నిలబడినట్టే నిలబడితే చాలు. పొడుగువాడు కాళ్ళు బాగా వెడల్పు చెయ్యాలి, లేదా రెండు మోకాళ్ళూ వంచాలి, రెండూ చెయ్యకపోతే వీపు విల్లులా వంగుతుంది. మా నాన్న బెంగ పెట్టుకున్న నడుం నొప్పి అక్కడే వస్తుంది. నేను ఐదడుగుల పదకొండు. రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుంటే తొడ వెనక కండరాలు కురచబడిపోతాయి. అలాంటి కాలిని నిటారుగా బిగించి ముందుకి వంగితే తుంటి దగ్గర వంగాల్సింది పోయి నడుం దగ్గర వంగుతాం. అందుకని నేను కుడి మోకాలు రవ్వంత వదులు చేస్తాను. ఎత్తు మారకుండా ఉండటానికి క్యూ ఛాతీకి ఎక్కడ తగులుతుందో చూసుకుంటాను, చొక్కా మూడో గుండీ. బిగించిన మోకాలు చేసే పని నాకు ఆ గుండీ చేసి పెడుతోంది. డాక్టరు మాత్రం దీనికి ఒప్పుకున్నాడు, రెండు ఫ్రేములకి ఒకసారి కాస్త నడవమన్నాడు.

2009లో ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ పోటీలు హైదరాబాద్‌లో జరిగాయి. ఇంగ్లండు ఆటగాడు ఆల్ఫీ బర్డెన్ ఫైనల్లో బ్రెజిల్ ఆటగాడు ఇగోర్ ఫిగెరెడోని 10-8తో ఓడించాడు. ఆఫీసుకి జ్వరమని చెప్పి ఒక రోజంతా వెళ్ళి కూర్చున్నాను. బంతుల్ని వదిలేసి మోకాళ్ళు చూశాను. బిగించినవాళ్ళున్నారు, రెండూ వంచినవాళ్ళున్నారు, ఎదురుగా నిలబడేవాళ్ళు, పక్కకి తిరిగేవాళ్ళు, క్యూ గడ్డం చివర పెట్టేవాళ్ళు. అందరిలోనూ ఒకటే కామన్. వెనక నుంచి నడిచి వచ్చేటప్పుడు తల గీత మీద నుంచి జారేది కాదు, కొట్టాక కూడా బంతి పాకెట్ చేరేదాకా లేచేది కాదు.

మీ స్టాన్స్ సరిపోయిందో లేదో చూసుకోవడానికి అద్దం అక్కర్లేదు. తెల్ల బంతిని గోధుమ చుక్క మీద పెట్టి నీలం, గులాబీ, నలుపు చుక్కల మీదుగా సూటిగా పై కుషన్‌కి కొట్టండి. కొట్టాక కదలకుండా క్యూని అక్కడే ఉంచండి. బంతి తిరిగొచ్చి క్యూ కొనకి తగిలితే మీ నిలబాటు బాగున్నట్టే, ఎలా కనిపించినా సరే. పదిలో ఆరు తగిలితే ఎవరేమన్నా మార్చకండి. ఇంకో పరీక్ష చాచాది. దిగి ఉన్నప్పుడు వెనక నుంచి వచ్చి భుజం మీద రెండు వేళ్ళతో తోసేవాడు. ఊగితే పాదాలు దగ్గరగా ఉన్నట్టు. "పహిల్వాన్‌కో ధక్కా దేకే దేఖో, హిల్తాచ్ నై" అనేవాడు. బార్కస్ పహిల్వాన్లతో నన్ను పోల్చడం ఆయన ఉదారత.

ఇంత రాసీ ఒక సంగతి చెప్పకపోతే అన్యాయం. పన్నెండడుగుల బల్ల చుట్టూ పూర్తి క్యూతో ఆడాలంటే గది 22 అడుగుల పొడుగు, 16 అడుగుల వెడల్పు ఉండాలంటారు. పాతబస్తీలో దుకాణాల మీద అంతస్తుల్లో అంత జాగా ఎక్కడిది? మా హాల్లో మూడో బల్లకి ఒక పక్క గోడ, ఇంకో మూల స్తంభం. గోడ వైపు నుంచి కొట్టాలంటే క్యూ వెనక భాగం గోడకి తగలకుండా పైకెత్తాలి. ఎత్తితే తల ఎత్తాలి, ఇక గీతా లేదు గడ్డమూ లేదు. కొత్త కుర్రాళ్ళకి ఆ బల్లే దొరుకుతుంది, ఎందుకంటే దాని రేటు తక్కువ. అలా నేర్చుకున్న కుర్రాడు మంచి బల్ల దగ్గరికి వెళ్ళినా క్యూ ఎత్తే ఉంచుతాడు. వాడి చేతిలో ఎంత ఆట ఉన్నా ఒక స్థాయి దగ్గర ఆగిపోతుంది. పెద్దవాళ్ళకేమో ఈ హాళ్ళంటే ఆవారాల అడ్డాలు, పేపర్లో వీటి పేరు కనబడేది టైము దాటి తెరిచారని పోలీసులు దాడి చేసినప్పుడే. టైము దాటితే మూయించాల్సిందే, దాని మీద నాకు పేచీ లేదు. కానీ పదిహేడేళ్ళ కుర్రాడు ఒక గీత చూస్తూ, ఊపిరి బిగబట్టి, పది సెకన్లు కదలకుండా ఉండటం నేర్చుకునే చోటు షాలిబండలో ఇంకొకటి ఉంటే చూపించండి. వాడి మోచెయ్యి ఎటు పోతోందో చూసి చెప్పే పెద్దమనిషి కూడా అక్కడ ఒక్కడే, ఆయన జీతం టేబుల్ డబ్బుల్లోంచి వస్తుంది.

చాచా ఇప్పుడు మార్కర్ పని మానేశాడు, మోకాళ్ళు సహకరించడం లేదు. కింద చాయ్ దుకాణం ముందు కుర్చీలో కూర్చుంటాడు. మొన్న ఆదివారం మూడో బల్ల కుర్రాళ్ళకి ఆయన ఒకటే చెబుతున్నాడు, గోడ వైపు బంతి వస్తే క్యూ ఎత్తొద్దు, స్టాండు మీదున్న పొట్టి క్యూ తీసుకోండి, దాని కోసమే కోయించి పెట్టాను అని. పైకెళ్ళి చూశాను, నాలుగడుగుల క్యూ ఒకటి నిజంగానే ఉంది. కొనకి కొత్త టిప్ కూడా వేయించి ఉంది.